విండోస్ తీసేసిన కోడలు

అత్తయ్యకు మీ కోడలు నమస్కారాలు చెప్పుకుని రాస్తున్నది.

మీరూ, వదినా, ఇంట్లో అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. నేనూ బాగున్నానని రాయబోయి కాసేపు పెన్ను పట్టుకుని ఆగిపోయాను. ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. నుదుటి మీద కుట్లు విప్పాక కూడా అక్కడ దురద పోలేదు. కుడి మణికట్టు తెల్లవారుజామున సలుపుతోంది. ఇవి పక్కన పెడితే బాగానే ఉన్నాను. అన్నం సహిస్తోంది, నిద్ర పడుతోంది.

మీ ఉత్తరం అందింది. మీకు ఫోనులో మాట సరిగ్గా వినిపించదు కాబట్టి మనిద్దరికీ ఈ కాగితాలే దిక్కని ఒకప్పుడు నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు అదే మేలయింది. ఫోనులో అయితే ఇందులో సగం కూడా చెప్పగలిగేదాన్ని కాదు.

మీరు మొదట అడిగినదానికే మొదట జవాబు చెప్తాను. "విండోస్ మొత్తం పీకేసిందట. ఇంటి కిటికీలు పీకేసేంత కోపం దేనికమ్మా, ఈ చలిలో వాడు ఎట్లా పడుకుంటాడు" అని రాశారు. అది చదివి నవ్వాను అత్తయ్యా. చాలా రోజుల తర్వాత నవ్వాను. పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. మీ అబ్బాయి వాళ్లక్కకు, మా వదినకు, ఫోనులో చెప్పింది ఇంటి కిటికీల గురించి కాదు, నా ల్యాప్‌టాప్‌లో ఉండే విండోస్ గురించి. ల్యాప్‌టాప్ మీట నొక్కగానే అన్నిటికంటే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటి చేతా పని చేయించే ప్రోగ్రాం అది. ఇంటికి పెద్దమనిషి లాంటిది. దాన్ని తీసేసి లినక్స్ అనే ఇంకో పెద్దమనిషిని పెట్టాను. అంతే. ఇంటి కిటికీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిని ఎప్పుడూ మూసే ఉంచమనేది మీ అబ్బాయే.

ఫొటోలన్నీ తుడిచేశానని, మామయ్యవి కూడా మిగల్చలేదని ఆయన చెప్పారట. అది అబద్ధం. తీసేసే ముందే ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. మామయ్య కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్న ఫొటో, మీరిద్దరూ బస్సు దగ్గర నిలబడిన ఫొటో మంచి కాగితం మీద అచ్చు వేసి దీనితో పంపుతున్నాను. రంగు కాస్త ఎర్రగా వచ్చింది. ఆ రోజు మిషన్‌లో సిరా సరిగ్గా లేదు.

అసలు ఎందుకు తీయాల్సి వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆ ల్యాప్‌టాప్ నాది. పెళ్లికి ముందు ప్రెస్సులో డి.టి.పి. పని చేస్తూ కొనుక్కున్నది. కరపత్రాలు, రసీదు పుస్తకాలు, విజిటింగ్ కార్డులు, ఏ పనైనా దాని మీదే పేజీలు కట్టేదాన్ని. పెళ్లయ్యాక కూడా ప్రెస్సు పని ఇంటికి తెచ్చుకుని చేస్తానన్నాను. మీ అబ్బాయి సరేనన్నారు. ఒకసారి అది మొరాయిస్తే, "నేను బాగుచేయించుకొస్తా" అని తీసుకెళ్లి మర్నాడు తెచ్చిచ్చారు. తుడిచి, మెరిపించి తెచ్చారు. నా మీద ఎంత శ్రద్ధో అనుకున్నాను. అప్పటి నుంచీ అది ఇంకా నెమ్మదైపోయింది. ఊరికే కూర్చోబెట్టినా లోపల ఫ్యాను రొద పెట్టేది. పాతదైపోయింది కదా అనుకున్నాను. దానికి ఇక కొత్త విండోస్ ఎక్కదని తెర మీద రోజూ ఒక మాట వచ్చేది కూడా. మీ అబ్బాయిని అడిగితే "ఉన్నది చాలు, ఎవరి చేతికీ ఇవ్వకు" అన్నారు.

ఆయన పని మీకు తెలిసిందే, దుకాణాలకీ ఆఫీసులకీ కెమెరాలు బిగించడం. ఎక్కడ పెడితే మనిషికి కనపడదో ఆయనకు బాగా తెలుసు.

"వాడు నిజంగా చెయ్యి చేసుకున్నాడా, లేక మాటా మాటా పెరిగి ఒక్క దెబ్బ వేశాడా" అని అడిగారు. ఇది చదువుతూ మీరు కూర్చునే ఉండండి. పెళ్లయిన కొత్తలోనే, ప్రెస్సు వాళ్లతో ఫోనులో నవ్వుతూ మాట్లాడానని, వంటింట్లో నా తల పట్టుకుని గోడకి కొట్టారు. ఆ తర్వాత కన్నీళ్లతో నా కాళ్లు కడిగినంతగా ఏడ్చారు. నేనే ఊరుకోబెట్టాను. మరోసారి నీళ్ల బకెట్‌లో నా తల ముంచి పట్టుకున్నారు. చెవుల్లో గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. వదిలాక తువ్వాలు తెచ్చి ఆయనే తుడిచారు. బొటనవేలు తలుపు సందులో పెట్టి తలుపు మూశారు. మీరు చూడటానికి వచ్చినప్పుడు ఆ వేలికి కట్టు ఉంది. కత్తిపీటకి తెగిందని చెప్పాను. మీరు నా మొహం వంక చూసి, ఇంకేమీ అడగకుండా నా చేతిలో గిన్నెలు తీసుకుని తోమారు.

ఒక్క దెబ్బ కాదు అత్తయ్యా.

నాకు అంతుబట్టనిది ఏమిటంటే, నేను ఎవరితో ఏం మాట్లాడానో, ప్రెస్సుకి ఏం రాశానో, ఏ పాట విన్నానో అన్నీ ఆయనకు తెలిసిపోయేవి. పక్కింటావిడ చెప్తోందేమోనని ఆవిడతో మాట్లాడటం మానేశాను. పాపం ఆవిడ ఇప్పటికీ నా మీద అలిగే ఉంది.

ఒక మధ్యాహ్నం పని మధ్యలో, ఇంటర్నెట్ తెరిచి, వెతుక్కునే గడిలో ఇలా టైపు చేశాను: "కొట్టే భర్త నుంచి ఎక్కడికి వెళ్లాలి". టైపు చేశాను గానీ వెతకలేదు. ఒక్కో అక్షరమే చెరిపేశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఆ మాట నా నోటి నుంచి బయటికి రాలేదు.

సాయంత్రం ఆయన వచ్చారు. బూట్లు విప్పుకున్నారు, సాక్సులు మడిచి బూట్లలో పెట్టారు. ల్యాప్‌టాప్ చార్జరు వైరు గోడ నుంచి లాగి రెండు మడతలు వేశారు.

"కొట్టే భర్త నుంచి ఎక్కడికి వెళ్లాలి?" అన్నారు, చదువుతున్నట్టు. "చెప్పు, ఎక్కడికి వెళ్తావు?"

వీపు మీద పడ్డ మొదటి దెబ్బ నాకు తెలియలేదు. అంత ఆశ్చర్యపోయి ఉన్నాను. రెండోది మెడ మీద పడింది. వైరు చివర ఉండే నల్లటి దిమ్మ చెవి వెనక తగిలి రక్తం వచ్చింది. కింద పడ్డాక పొట్టలో తన్నారు. ప్రతి దెబ్బకీ ఆ వాక్యంలో ఒక్కో మాట పలికారు. కొట్టే. భర్త. నుంచి. నేను చెరిపేసిన మాటలు, ఏ మాట తర్వాత ఏ మాటో తప్పకుండా. నొప్పి కంటే ఆ వరస నన్ను ఎక్కువ భయపెట్టింది. నా వేళ్లకు తప్ప ఎవరికీ తెలియని వాక్యం అది.

మర్నాడు ఆయన పనికి వెళ్లాక ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ప్రెస్సుకి వెళ్లాను. ప్రెస్సు నడిపే ఆవిడ నాకు పెళ్లికి ముందు నుంచీ తెలుసు. అందరం అక్కా అనే పిలుస్తాం. కోపం ముక్కు మీద ఉంటుంది, మనసు మాత్రం వెన్న. నా మెడ చూసింది. షట్టరు సగం దించి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, టీ పోసింది. నేను జరిగింది చెప్పాను.

"చెరిపేసిన మాట కూడా చెప్పాడా?"

"వరస తప్పకుండా చెప్పారు."

"అయితే పక్కింటావిడ కాదు," అంది అక్క. "ఇందులోనే కూర్చున్నాడు నీ మొగుడు. నువ్వు నొక్కే ప్రతి అక్షరం ఏదో దొంగ ప్రోగ్రాం అతని ఫోనుకి పంపుతోంది. బాగుచేయించుకొస్తానని పట్టుకెళ్లింది అందుకే."

ల్యాప్‌టాప్ తెరకి పైన ఉండే చిన్న కెమెరా మీద వెంటనే కాగితం అంటించింది. నాకు అప్పుడు తెలిసింది. నేను చీర మార్చుకునే గదిలోనే అది తెరిచి ఉండేది. బల్ల కింద ఉన్న చెత్తబుట్టలోకి వాంతి చేసుకున్నాను.

ఆ దొంగ ప్రోగ్రాం ఎక్కడ దాక్కుందో వెతుకుదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఒక మూల వెతికితే ఇంకో మూల ఉంటుంది. మొత్తం కడిగేద్దాం. నా ప్రెస్సులో అన్నిటికీ లినక్స్ వేసి చాలా కాలమైంది, ఏ మాయరోగమూ లేదు. పైగా ముసలి యంత్రాలకి అది తేలిగ్గా ఉంటుంది."

ఫొటోలూ పని ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. ఇంకో పెన్‌డ్రైవ్‌లో అక్క లినక్స్ సిద్ధం చేసి ఇచ్చింది. ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ వేసి, లేచే లోపల మీట టకటకా కొడితే విండోస్ రాకుండా పెన్‌డ్రైవ్ నుంచే తెరుచుకుంది. కాసేపు అట్లాగే నడిపి చూశాం. కీబోర్డు పనిచేస్తోంది, తెర బాగుంది, వైఫై మాత్రం అందలేదు. అక్క తిట్టుకుంటూ లోపలి గది నుంచి వైరు లాగి తగిలించింది. ఆ తర్వాత తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. డిస్కులో ఉన్నదంతా చెరిపేసి లినక్స్ పెట్టాలా అని.

"నేను నొక్కను," అంది అక్క. "నీది, నువ్వే నొక్కు."

నొక్కాను. అక్క ఒక బిల్లు రాసి, ఇద్దరు మనుషులతో బేరమాడి పంపేలోగా అయిపోయింది. మళ్లీ తెరుచుకున్నప్పుడు ఏ చప్పుడూ లేదు. ఫ్యాను ఆగిపోయిందేమో, యంత్రం చచ్చిపోయిందేమో అనుకుని చెవి ఆనించి విన్నాను. బతికే ఉంది. ఊరికే రొద పెట్టడం మానేసిందంతే. పాస్‌వర్డ్ పెట్టుకోమంది. పెళ్లయ్యాక నాకు మాత్రమే తెలిసింది ఏదైనా ఉందంటే, ఆ పాస్‌వర్డే.

అన్నీ సుఖంగా జరిగాయనుకోకండి. నేను విండోస్‌లో ఇన్నాళ్లూ వాడిన పాత అక్షరాలు అందులో సరిగ్గా కూర్చోలేదు. ఒత్తులన్నీ అక్షరాల కింద ఉండక పక్కకి వెళ్లి నిలబడ్డాయి. ఒక పప్పుల దుకాణం కరపత్రం మొదటిసారి తీస్తే గొడవపడి విడిపోయిన కుటుంబంలా వచ్చింది. కొత్త కీబోర్డు నేర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు చెయ్యి తిరిగింది.

అది తీసుకుని ఆ రోజు ఇంటికెందుకు వెళ్లానని మీరు అడుగుతారు. అక్క కూడా వద్దంది. నా బట్టలు, చదువు కాగితాలు అక్కడే ఉన్నాయి. ఆయన వచ్చేలోపు తీసుకుని వచ్చేద్దామనుకున్నాను. కానీ ఆయన ఫోనుకి పొద్దుటి నుంచీ ఏమీ చేరలేదు కదా, పని మధ్యలో వదిలేసి నాకంటే ముందే ఇల్లు చేరారు. తలుపు తీయగానే సంచి లాక్కున్నారు. ల్యాప్‌టాప్ తెరిచారు. తెలియని తెర, పాస్‌వర్డ్ అడుగుతూ.

"ఇదేంటి?"

"లినక్స్."

"విండోస్ ఏది?"

"తీసేశాను."

"పాస్‌వర్డ్ చెప్పు."

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. అంతకుముందు ఆయన ఏది అడిగినా ఇచ్చేశాను. జుట్టు పట్టుకుని అలమారు అద్దానికేసి కొట్టారు. అద్దం పగిలింది, నుదురు చీలింది. రక్తం కంట్లోకి వచ్చి ఒక కన్ను కనపడలేదు. "పాస్‌వర్డ్" అన్నారు. చెప్పలేదు. పిడికిలితో నోటి మీద కొట్టినప్పుడు పన్ను విరిగింది. దాన్ని మింగేశాను. చివరికి ఆ ల్యాప్‌టాప్ ఎత్తి గోడకి విసిరారు. మూత ఒక పక్క ఊడింది, తెర మూల పగిలింది, అయినా అది ఇప్పటికీ పనిచేస్తోంది. నేను దాని మీద పడి చుట్టుకుని పడుకున్నాను. వీపు మీద అలిసిపోయేదాకా తన్నారు. తర్వాత తలుపు బయట గొళ్లెం పెట్టి ఎక్కడికో వెళ్లారు. పక్కింటావిడ చప్పుడు విని వచ్చి గొళ్లెం తీసింది. అలిగి ఉన్నా తీసింది. నా తలకి పాత బట్ట చుట్టి, ల్యాప్‌టాప్‌తో సహా నన్ను ఆటో ఎక్కించింది.

అప్పటి నుంచి ప్రెస్సు వెనక గదిలో ఉంటున్నాను. కాగితం రీములు పేర్చే గది. ఒక పక్కకి సర్ది మంచం వేశారు. కాగితం వాసన, సిరా వాసన. బాగానే ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో రెండో పేజీ సంగతి. అక్కడికి రావడానికే ఇంతసేపు చుట్టూ తిరుగుతున్నాను.

"మిషన్‌లో పడి వాడి మూడు వేళ్లు పోయాయి. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. కట్టుకున్న దానివి, ప్రెస్సులో నీ కళ్లముందే ప్రమాదం జరిగితే ఒక్కసారి చూడటానికి కూడా పోలేదట. వాడు మాత్రం నీ తప్పులన్నీ క్షమించానన్నాడు, ఇంటికి వస్తే చాలన్నాడు" అని రాశారు.

ఆ రోజు అక్క బయటి పని మీద వెళ్లింది. అచ్చు మిషన్ నడిపే పెద్దాయన, అందరం బాబాయి అంటాం, వెనక షెడ్డులో ఉన్నాడు. ఆ మిషన్ తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. నేను మధ్య గదిలో కటింగ్ మిషన్ దగ్గర విజిటింగ్ కార్డులు కోస్తున్నాను. ఆ మిషన్ మీరు చూసి ఉండరు. నడుమెత్తు ఇనుప బల్ల, దాని మీద అడ్డంగా మూరెడు పైగా పొడవు కత్తి. ఎడమ పక్క పొడుగాటి పిడి ఉంటుంది. దాన్ని కిందికి లాగితే కత్తి దిగుతుంది. పొరపాటున దిగకుండా పిడికి ఒక పిన్ను ఉంటుంది, అది ఎత్తితేనే కదులుతుంది.

మీ అబ్బాయి ముందు తలుపు నుంచి వచ్చారు. నవ్వుతూనే వచ్చారు.

"పాస్‌వర్డ్ చెప్పు, వెళ్లిపోతా," అన్నారు.

"అది నాది. వెళ్లండి."

"నీదంటూ ఏముందే?"

జుట్టు చుట్టుకుని మొహం ఇనుప బల్లకేసి కొట్టారు. నుదుటి మీద పాత గాయం మళ్లీ తెరుచుకుంది. వెనక నుంచి నా కుడి మణికట్టు పట్టుకుని కత్తి కింద అదిమారు. ఎముక నలిగిన చప్పుడు నాకు వినపడింది. నా చెవి పక్కన మెల్లగా అన్నారు. "ఏ వేళ్లతో కొట్టావో పాస్‌వర్డ్, ఆ వేళ్లు లేకపోతే ఏం చేస్తావో చూద్దాం."

ఎడమ చేత్తో పిడి లాగారు. అది దిగలేదు. పిన్ను సంగతి ఆయనకు తెలియదు. మళ్లీ లాగారు, ఒంటి బరువంతా వేసి. బెదిరింపు కాదు అత్తయ్యా. పిన్ను లేకపోతే ఈ ఉత్తరం నా చేత్తో రాసేదాన్ని కాదు. మూడోసారి లాగడానికి ఆయన పక్కకి ఒరిగినప్పుడు, నా మణికట్టు పట్టుకున్న చెయ్యి మీద కరిచాను. విరిగిన పంటితోనే కరిచాను. పట్టు వదిలింది. చెయ్యి లాక్కుని ఆయన చంక కింద నుంచి ఎడమ పక్కకి దూరాను. ఆయన తూలి, పడకుండా ఆపుకోవడానికి కుడి చెయ్యి బల్ల మీద ఆనించారు.

ఇక్కడిదాకా అందరికీ చెప్పగలను. ఇక్కడి నుంచి మీకు చెప్తున్నాను.

నేను తప్పించుకున్నాను. ముందు తలుపు తెరిచే ఉంది. వీధి కనిపిస్తోంది, ఎదురు దుకాణంలో ఎవరో మెట్లు కడుగుతున్నారు. నాలుగంగలు వేస్తే బయట ఉండేదాన్ని. ఆయన చెయ్యి కత్తి కింద ఉంది. అది చూశాను. బాగా చూశాను. బొటనవేలితో పిన్ను ఎత్తి, రెండు చేతులతో పిడి పట్టుకుని, నేల మీద కాళ్లు ఆనకుండా వేలాడాను.

అది ప్రమాదం కాదు. నేనే.

ఆయన "అమ్మా" అన్నారు. ఆ మాట మీకు చేరాల్సింది, నా దగ్గర ఉంచుకోకూడదు. అందుకే రాస్తున్నాను. ఆ అరుపు అచ్చు మిషన్ చప్పుడులోంచి కూడా బాబాయికి వినపడి పరిగెత్తుకొచ్చాడు. సిరా తుడిచే గుడ్డలతో ఆయన చెయ్యి కట్టాడు. కత్తి మీద, తెల్లటి కార్డుల మీద రక్తం. ఆ కార్డులు ఎవరివో ఒక పిల్లల డాక్టరువి. నేను పిడి వదలకుండా అట్లాగే నిలబడి ఉన్నానట. అక్క వచ్చి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది.

చూడటానికి పోలేదన్నది కూడా అబద్ధం, ఆసుపత్రికి నేనూ వెళ్లాను. అక్కడ ఆయన డాక్టరుతో "నేనే తెలియక చెయ్యి పెట్టాను" అన్నారు. పోలీసులు వస్తే వాళ్లతోనూ అదే అన్నారు. నన్ను కాపాడదామని అక్క, బాబాయి కూడా అవునన్నారు. నేను తల ఊపాను. పోలీసులు వెళ్లాక మీ అబ్బాయి నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. మెల్లగా, ప్రేమగా అన్నారు.

"చూశావా, నీ పేరు చెప్పలేదు. ఇంటికొస్తావుగా?"

అప్పుడు అర్థమైంది. ల్యాప్‌టాప్‌లోంచి ఆయన్ని తీసేశాను, ఆయన ఈ రహస్యాన్ని తెచ్చి నాలో పెట్టారు. నేను చేసిన పని ఆయన గుప్పిట్లో ఉన్నంతకాలం, కాలు బయట పెట్టినా ఆయన ఇంట్లో ఉన్నట్టే. మీ ఉత్తరంలో "క్షమించానన్నాడు" అన్న మాట మళ్లీ మళ్లీ చదివాను. అది మీ మాట కాదు, మీ చేత మోయించిన మాట.

అందుకే నిన్న పోలీసు స్టేషనుకి వెళ్లాను. అక్క, బాబాయి కూడా వచ్చారు. తప్పు చెప్పినందుకు వాళ్లకీ చీవాట్లు తప్పవు, తెలిసే వచ్చారు. అక్కడ ఒక ఆడ ఆఫీసరు ఉంది. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాటింది. అంతా చెప్పాను. పిన్ను ఎత్తిన సంగతి కూడా చెప్పాను.

ఆవిడ రాయడం ఆపి అడిగింది. "ప్రమాదమని అందరూ ఒప్పుకున్నారు. ఎవరూ మిమ్మల్ని అడగలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నారమ్మా?"

"మీరు అడగలేదు. ఆయన రోజూ అడుగుతున్నారు, ఇంటికొస్తావుగా అని," అన్నాను.

ఆవిడ ఇంకో మాట కూడా అంది. లినక్స్ పెట్టి మంచి సాక్ష్యం చెరిపేసుకున్నానట. ఆ దొంగ ప్రోగ్రాం అట్లాగే ఉంచి తెచ్చి ఉంటే కేసు గట్టిగా నిలిచేదట. నిజమే కావచ్చు. అక్క ఊరుకోలేదు. "ఒంటి మీద జెర్రి పాకుతుంటే సాక్ష్యానికని ఉంచుకుంటామా మేడమ్?" అంది. ఆవిడ నవ్వలేదు గానీ, మీ అబ్బాయి ఫోనూ, ఇంట్లో ఆయన కంప్యూటరూ తెప్పిస్తానంది. నా తెర మీంచి దొంగతనంగా తీసిన బొమ్మలు అక్కడ ఉండి తీరాలట. నా వీపు, మణికట్టు డాక్టరుకి చూపించి రాయించింది.

రెండు కేసులు రాశారు. ఒకటి ఆయన మీద, ఒకటి నా మీద. ఆయన వేళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి. అక్క కుదిర్చిన వకీలమ్మ ధైర్యం చెప్తోంది గానీ మాట ఇవ్వడం లేదు. పిలిచినప్పుడల్లా వస్తానని సంతకం పెట్టి బయటికి వచ్చాను. మెట్లు దిగుతూ అక్కడే కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. ఆకలి వేసింది.

నేను పశ్చాత్తాపపడుతున్నానా అని మీరు అడగాలి. అడిగే హక్కు మీకే ఉంది. ఆ పిడి నా చేతుల్లో దిగిన తీరు గుర్తొస్తే చేస్తున్న పని వదిలేసి బయటికి వెళ్లి నిలబడతాను. ఒకరి ఎముక మీద బరువు వేయడం ఎంత సులువో నాకు తెలియకుండా ఉంటే బాగుండేది. కానీ మళ్లీ ఆ బల్ల దగ్గర నిలబెడితే పరిగెత్తుతానని మీకు ఒట్టు వేయలేను. ఇంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఆయన మీ దగ్గరికి వచ్చి ఉంటానంటున్నారని రాశారు. మీరు ఆ ఇంట్లో వదిన మాటకి ఎదురు చెప్పరని తెలుసు, అయినా చెప్తున్నాను. వదిన ఫోనుగానీ, పిల్లల కంప్యూటరుగానీ బాగుచేస్తానని ఆయన అడిగితే ఇవ్వవద్దనండి. ఆయన మీ బిడ్డ, అన్నం పెట్టండి, గుండీలు పెట్టండి. నేను కాదనలేను. మీ కనుబొమ మీద మచ్చ చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడితే వచ్చిందని నాకు చెప్పారు. మీ పెళ్లినాటి ఫొటో కూడా నేను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను అత్తయ్యా. అందులో ఆ మచ్చ లేదు. నేను దాని గురించి ఏమీ అడగను. మీరు ఆ రోజు గిన్నెలు తోమినట్టే, నేనూ ఊరుకుంటాను.

ఈ ఉత్తరం చదివాక మీకు నా మీద కోపం వస్తే రాయండి, తిట్టే రాయండి. అసలు రాయబుద్ధి కాకపోతే ఊరుకోండి, నేను అర్థం చేసుకుంటాను. కానీ ఎప్పుడైనా, ఏ కారణం వల్లైనా, అక్కడ ఉండలేననిపిస్తే బస్సు ఎక్కేయండి. ఎవరికీ చెప్పనక్కరలేదు. కాగితం రీములు ఇంకొంచెం పైకి పేరిస్తే ఈ గదిలో రెండో మంచం పడుతుంది. ఇవాళ పొద్దున్నే కొలిచి చూశాను.

ఇట్లు,
ఎవరేమన్నా,
మీ కోడలు